జాతి గడిలో మతం పేరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పరాయి దేశంలో మైనారిటీ మతస్థులుగా బతికేవారి మతాన్నీ ఒంటి రంగునూ చూసేవాళ్లు విడదీసి చూడరు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఈ ముడి దగ్గరికే వచ్చి ఆగాయి. ఉత్తరాలను కుదించాం, రాసినవారి ఊరు తప్ప మిగతా వివరాలు తీసేశాం. చట్టాల గురించి చెప్పిన మాటలు దారి చూపడానికి మాత్రమే. కేసు వేసే ముందు ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరుతో మాట్లాడండి.

ప్రశ్న: అమెరికా పాత జనాభా లెక్కల కాగితాలు ఆన్‌లైన్‌లో చూస్తుంటే 1930 నాటి కాలిఫోర్నియా షీటు ఒకటి కనబడింది. ఇంటి యజమాని పేరు చివర ‘సింగ్’ అని ఉంది. రంగు లేదా జాతి అన్న గడిలో ‘హిన్’ అని రాశారు. సిక్కును హిందువు అనడం ఒక తప్పు, మతాన్ని జాతి గడిలో రాయడం ఇంకో తప్పు. రాసినవాడికి తెలియకేనా? – చరిత్ర అధ్యాపకుడు, నల్గొండ

జవాబు: రాసినవాడు తనకు చెప్పినట్టే రాశాడు. ఆ ఏడాది లెక్కలు రాసేవారికి ఇచ్చిన సూచనల్లో 12వ గడికి పొట్టి గుర్తులున్నాయి. తెల్లవారికి ‘డబ్ల్యూ’, నల్లవారికి ‘నెగ్’, మెక్సికన్లకు ‘మెక్స్’, జపాన్ వాళ్లకు ‘జేపీ’, ఫిలిప్పీన్స్ వాళ్లకు ‘ఫిల్’, కొరియా వాళ్లకు ‘కోర్’, మనవాళ్లకు ‘హిన్’. మిగతావన్నీ రంగు పేరో, దేశం పేరో, తెగల పేరో. మనవాళ్ల దగ్గర మాత్రం మతం పేరు వచ్చి కూర్చుంది. 1920, 1930, 1940 మూడు లెక్కల్లోనూ ‘హిందూ’ ఒక జాతి. 1940లో ఆ పేరు కింద లెక్కకు వచ్చినవారు 2,405 మంది. వారిలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు, కొందరు ముస్లింలు. ‘ఖాన్’ పక్కన కూడా ‘హిన్’ అనే కనబడుతుంది.

సటర్ కౌంటీ, ఇంపీరియల్ కౌంటీ షీట్లు దొరికితే ఇంటి యజమాని వరుస దగ్గరే ఆగకుండా భార్యాపిల్లల వరుసలు కూడా చదవండి. అక్కడి పంజాబీ రైతులు చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. ఆసియా వలసలను ఆపిన 1917 చట్టం తర్వాత మన దేశం నుంచి భార్యను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. తెల్లవారు వేరే జాతివారిని పెళ్లాడటాన్ని అప్పటి కాలిఫోర్నియా చట్టం అడ్డుకునేది. ఇద్దరి ఒంటి చాయా ఒకేలా ఉందని గుమస్తాకు అనిపిస్తే పెళ్లి లైసెన్సు దొరికేది. ఆ ఇళ్లలో భర్త పక్కన ‘హిన్’, భార్య పక్కన ‘మెక్స్’ ఉండాలి. మరి పిల్లలకు? తెల్లవారు కాని రెండు జాతులకు పుట్టిన బిడ్డకు తండ్రి జాతే రాయమని 1930 సూచన. నల్లజాతికీ అమెరికా ఆదివాసులకూ పుట్టినవారికి మాత్రం వేరే లెక్క. అంటే సిక్కు తండ్రికీ క్యాథలిక్ తల్లికీ పుట్టి, చర్చిలో బాప్తిస్మం పొంది, స్పానిష్ పేరు పెట్టుకున్న పిల్ల కూడా ఆ సూచన ప్రకారం ‘హిన్’. ఆ ఇంట్లో హిందూమతం పాటించేవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆ మతం పేరు తండ్రి నుంచి బిడ్డకు కంటి రంగు దిగినట్టు దిగింది.

తెలుగులో ‘జాతి’ అంటే దేశమనీ అంటాం, కులమనీ అంటాం. ఇక్కడ మేం ఆ మాటను వాడేది ఒక్క అర్థంలోనే: పుట్టుకతో వచ్చి బిడ్డలకు దిగుతుందని ఎదుటివాడు నమ్మే గుర్తు.

‘ఇండియన్’ అన్న మాటను అప్పటికే ఆ నేల ఆదివాసులకు వాడేశారు కాబట్టి హిందూస్థాన్ వాళ్లు ‘హిందూలు’ అయ్యారు. అది సగం కారణం. రెండో సగం తలపాగా. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే మనవాళ్లను తెల్ల కూలీల గుంపు బసల్లోంచి లాగి ఊరి నుంచి తరిమేసింది. తరిమేసినవాళ్లలో దాదాపు అందరూ సిక్కులు. పత్రికలు మాత్రం ‘హిందువులు’ అని రాశాయి.

పౌరసత్వం దగ్గర ఈ ముడి ఇంకా బిగిసింది. 1790 చట్టం ప్రకారం వలస వచ్చినవారిలో ‘స్వేచ్ఛగల తెల్లవారు’ మాత్రమే పౌరులు కాగలరు. 1870లో ఆఫ్రికా మూలాలవారిని చేర్చారు. మిగిలినవాళ్లంతా తాము తెల్లవారమని కోర్టులో నిరూపించుకోవాలి. 1910లో బల్సారా అనే పార్సీని న్యూయార్క్‌లోని కేంద్ర అప్పీలు కోర్టు తెల్లవాడిగా ఒప్పుకుంది. 1915లో సిరియా క్రైస్తవుడు జార్జ్ డౌ కూడా గెలిచాడు. 1942లో అహ్మద్ హసన్ అనే యెమెన్ ముస్లిం దరఖాస్తు డెట్రాయిట్‌లో వీగిపోయింది. చర్మం నల్లగా ఉండటంతో పాటు ఆయన మతాన్ని కూడా ఆ జడ్జి తీర్పులో కారణంగా రాశాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1944లో మసాచుసెట్స్‌లో ఇంకో అరబ్ ముస్లింకు పౌరసత్వం వచ్చింది. మతం పేరే చాలాసార్లు ఒంటి రంగును తేల్చేసింది.

భగత్ సింగ్ థిండ్ కేసును మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆయన సిక్కు. 1913లో అమెరికా వచ్చి, 1918లో అక్కడి సైన్యంలో చేరారు. కోర్టు కాగితాల్లో ఆయన ‘అగ్రకుల హిందువు’ అయ్యారు. అగ్రకులస్థులు ఆర్యులనీ, కింది కులాలతో పెళ్లి సంబంధాలు పెట్టుకోరనీ, అమెరికా తెల్లవారు నల్లవారిని చూసినట్టే తామూ కిందివారిని చూస్తామనీ ఆయన తరఫున వాదించారు. తెల్లవారి గుంపులో చోటు కోసం కులాన్ని సాక్ష్యంగా పెట్టారన్నమాట. ఈ మాట చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ వాదన పనికి రాలేదు కూడా. 1922 నవంబరులో జపాన్ వలసదారు ఓజావా కేసులో ‘తెల్లవాడంటే కాకేసియన్’ (యూరప్ వాళ్లనూ మనవాళ్లనూ కలిపి అప్పటి జాతిశాస్త్రం పెట్టిన పేరు) అని చెప్పిన జస్టిస్ సదర్లాండే, మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, కాకేసియన్ అని శాస్త్రం చెప్పినా సరిపోదనీ, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడై ఉండాలనీ థిండ్‌కు చెప్పారు. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కోవడం మొదలైంది. అలా పోగొట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. మాజీ సైనికుల కోసం 1935లో వచ్చిన చట్టం కింద థిండ్‌కు 1936లో పౌరసత్వం దొరికింది. మిగతావారు 1946 జులై 2 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. మన దేశం నుంచి కొత్తగా వలస వచ్చేవారికి ఆ చట్టం ఇచ్చింది ఏటా 100 మంది కోటాయే.

1970 లెక్కల్లో మనవాళ్లను తెల్లవారిలో కలిపారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ గడి వచ్చింది. మతం గురించి తప్పనిసరి ప్రశ్న అడగకూడదని 1976 చట్టం ఉంది. వ్యక్తుల షీట్లను 72 ఏళ్లకు గానీ బయటపెట్టరు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి, మీ విద్యార్థులకు అవి కూడా చూపించవచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఆరో తరగతి చదివే మా మనవరాలు బొట్టు పెట్టుకుని బడికి వెళ్తే ఇద్దరు పిల్లలు రోజూ నుదుటి వైపు వేలు చూపించి ‘తుపాకీ గురి అక్కడే’ అంటున్నారట. టీచరు ‘పిల్లల సరదా’ అన్నారట. మా కోడలు బొట్టు తీయించేసింది. మా అబ్బాయి గొడవెందుకంటున్నాడు. పిల్ల ముభావంగా ఉంటోంది. – ఒక నాయనమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, ఇది సరదా కాదు. ఆ రాష్ట్రంలోనే 1987లో ‘డాట్‌బస్టర్స్’ పేరుతో, అంటే బొట్టు పెట్టుకునేవాళ్ల అంతు చూస్తామన్న పేరుతో, జెర్సీ సిటీ పత్రికకు బెదిరింపు ఉత్తరం వచ్చింది. వీధిలో హిందువు కనబడితే కొడతామని అందులో రాశారు. కొన్ని వారాలకే పక్కనున్న హొబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే బ్యాంకు ఉద్యోగిని యువకుల గుంపు కొట్టింది. ఆయన కోలుకోలేదు. ఆయన పార్సీ, బొట్టుతో ఏ సంబంధమూ లేదు. 1910లో కోర్టు తెల్లవారిలో కలిపిన ఆ పార్సీలలోని మనిషే. రంగు చూసిన కళ్లకు పార్సీ, హిందువు తేడా ఆనలేదు.

మీ అబ్బాయితో ఇలా చేయమనండి. న్యూజెర్సీలో బడి వేధింపుల మీద 2011 నుంచి గట్టి చట్టం అమల్లో ఉంది. జాతి, రంగు, మతం, పూర్వీకుల మూలం అన్నీ అందులో ఉన్నాయి. నోటిమాటగా చెప్పి వదిలేయకూడదు. ‘హెచ్‌ఐబీ 338’ అనే ఫారం బడిలో అడిగి తీసుకుని నింపాలి. ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ కూడా పంపాలి, తేదీ రుజువు కావాలి గనక. లిఖిత ఫిర్యాదు అందాక బడి 10 పనిదినాల్లో విచారణ ముగించాలి. ఫలితం స్కూల్ బోర్డుకు చేరిన 5 పనిదినాల్లో తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పాలి. నచ్చకపోతే బోర్డు ముందు విచారణ కోరవచ్చు.

ఎక్కడ చెడుతుందంటే, చాలామంది ‘మా అమ్మాయిని ఏడిపిస్తున్నారు’ అని రాస్తారు. బడి దాన్ని పిల్లల మధ్య తగువుగా మూసేస్తుంది. కాబట్టి ఏ రోజు, ఏ పీరియడ్, ఎవరున్నారు, ఏ మాట అన్నారు, వేలు ఎక్కడ పెట్టారు, ఏ టీచరు విన్నారు, ఇవన్నీ వరుసగా రాయాలి. ‘బొట్టు మా మతానికీ మా మూలాలకూ గుర్తు, అందుకే ఎంచుకున్నారు’ అన్న వాక్యం తప్పక ఉండాలి. ఎందుకంటే కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే బడులకు వర్తించే టైటిల్ 6 చట్టంలో జాతి, రంగు, జాతీయ మూలం ఉన్నాయి, మతం లేదు. అయితే ఉమ్మడి పూర్వీకుల మూలం వల్లో, జాతి లక్షణాల వల్లో వేధిస్తే యూదులు, సిక్కులు, ముస్లింలు, హిందువులు కూడా దాని కిందికి వస్తారని విద్యాశాఖ 2004 నుంచి చెబుతోంది. ఆ శాఖ పౌరహక్కుల విభాగానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. 2025 మార్చిలో ఆ విభాగం తన 12 ప్రాంతీయ కార్యాలయాల్లో 7 మూసేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడ ఆలస్యం తప్పదనుకుని రాష్ట్ర చట్టం దారిని ముందు పట్టుకోండి.

బొట్టు సంగతి పిల్లనే నిర్ణయించుకోనివ్వండి. ‘తీసెయ్’ అని పెద్దలే అంటే తప్పు తనదేమో అనుకుంటుంది.

ప్రశ్న: మాది టోలిచౌకి. టెక్సాస్‌లో హెచ్‌-1బి మీద పనిచేస్తున్నాను. గడ్డం ఉంది. మేనేజరు మీటింగుల్లో ‘బ్యాగులో ఏం తెచ్చావు, పేలదు కదా’ అంటాడు. శుక్రవారం నమాజుకు గంట అడిగితే ‘టీమ్ ఒప్పుకోదు’ అన్నాడు. ఫిర్యాదు ఫారంలో జాతి, రంగు, మతం, జాతీయ మూలం వేర్వేరు గడులున్నాయి. ఏది టిక్ చేయాలి? ఉద్యోగం పోతే వీసా సంగతేంటి?

జవాబు: నిజమైనవన్నీ టిక్ చేయండి. ఒక్క మతం దగ్గరే ఆగితే ఒక పెద్ద తలుపు మూసుకుపోతుంది. ఆ తలుపేమిటో చెబుతాం.

మొదటి దారి 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 7. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. మతం, జాతి, రంగు, జాతీయ మూలం అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ నష్టపరిహారానికి గరిష్ఠ పరిమితి ఉంది. 100 మంది లోపు సంస్థకు 50,000 డాలర్లు, 500 మంది దాటిన సంస్థకు 3,00,000 డాలర్లు.

రెండోది సెక్షన్ 1981. ఇది 1866 నాటి చట్టం. దీనికి ఉద్యోగుల సంఖ్యతో పనిలేదు, ఆ గరిష్ఠ పరిమితి లేదు, దావాకు 4 ఏళ్ల గడువు. కాకపోతే ఇది జాతి వివక్షకే. మరి ముస్లింకు ఎలా పనికొస్తుంది? 1987 మే 18న అమెరికా సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి అరబ్ మూలాల ప్రొఫెసరుది, రెండోది దుండగులు గోడల మీద పిచ్చిరాతలు రాసి పాడుచేసిన యూదుల ప్రార్థనామందిరానిది. ఈ రోజు అరబ్బులనూ యూదులనూ ‘తెల్లవారు’ అంటున్నా, ఆ చట్టం చేసిన కాలంలో వాళ్లను వేరే జాతులుగానే చూసేవారు కాబట్టి పూర్వీకులను బట్టి చూపిన వివక్ష దాని కిందికి వస్తుందని తేల్చింది. మతం ఒక్కటే కారణమైతే మాత్రం రాదు. అందుకే మీ వాక్యాల మీద చాలా ఆధారపడి ఉంది.

‘నా మతాన్ని ఎగతాళి చేస్తున్నాడు’ అని మాత్రమే రాస్తే సెక్షన్ 1981 దాదాపు పోయినట్టే. ‘ఫలానా తేదీ ఉదయం మీటింగులో ఆరుగురి ముందు, నా గడ్డం, చర్మం రంగు, పేరు చూసి “పేలదు కదా” అన్నాడు. అదే బ్యాగు తెచ్చే తెల్ల ఉద్యోగులను ఒక్కసారీ అడగలేదు’ అని రాస్తే, అది జరిగి ఉంటే, రెండు దారులూ తెరిచి ఉంటాయి. లేనిది కల్పించకండి, ఉన్నది మింగకండి.

నమాజు సంగతి వేరే ఫిర్యాదు. దాన్ని జోకుల ఫిర్యాదులో కలిపి ముద్ద చేయవద్దు. ముందు హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ రాయండి: ప్రతి శుక్రవారం ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా కావాలి, ప్రయాణానికి ఎంత పడుతుంది, ఆ గంటను ఏ రోజు సాయంత్రం పూడుస్తారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, వ్యాపారానికి చెప్పుకోదగ్గ అదనపు ఖర్చు పడుతుందని సంస్థ చూపాలి. తోటివాళ్లకు ఆ మతం నచ్చదన్నది కారణంగా చెల్లదు. ‘టీమ్ ఒప్పుకోదు’ అన్న మాటను అలాగే, కోట్స్‌లో పెట్టి రాసుకోండి.

ఫిర్యాదు చేసేది ఈఈఓసీకి, అంటే ఉద్యోగాల్లో వివక్షను విచారించే కేంద్ర సంస్థకు. పోర్టల్‌లో వివరాలిస్తే ఇంటర్వ్యూ ఉంటుంది, తర్వాత ‘ఛార్జ్’, అంటే అధికారిక ఫిర్యాదు పత్రం. గడువు 180 రోజులు. రాష్ట్ర సంస్థ కూడా ఉన్నచోట 300 రోజులు. టెక్సాస్ రాష్ట్ర చట్టం కింద మాత్రం 180 రోజులే, కాబట్టి అదే మీ గడువనుకోండి. హెచ్‌ఆర్ విచారణ నడుస్తోంది కదా అని ఆగితే ఈ గడియారం ఆగదు. ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే. ‘దావా వేసుకోవచ్చు’ అన్న లేఖ అందాక కోర్టుకు 90 రోజులు.

కంపెనీ ఫైళ్లను సొంత ఈమెయిల్‌కు పంపుకోకండి, తీసేయడానికి వాళ్ల చేతికి సాకు ఇచ్చినట్టవుతుంది. జరిగిన రోజే ఇంట్లో సొంత పుస్తకంలో రాసుకోండి. టెక్సాస్‌లో మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేయవచ్చు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అందరి అనుమతీ కావాలి. కాల్‌లో అవతలివారు అక్కడుంటే రికార్డు చేయవద్దు.

టైటిల్ 7 వీసాదారులకూ వర్తిస్తుంది, ఫిర్యాదు చేసినందుకు పగ తీర్చుకోవడం విడిగా ఇంకో ఫిర్యాదుకు కారణమవుతుంది. అయినా ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటే ఉంటుంది. ఛార్జ్ వేసే ముందే పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797, ఇటీవలి జీతం చీటీల కాపీలు ఇంట్లో పెట్టుకుని, ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి.

ప్రశ్న: ఇండియన్ పాస్‌పోర్టే, పేరు ముస్లిం పేరు. ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో పక్కకు పిలుస్తారు. – షికాగో

జవాబు: హోంల్యాండ్ సెక్యూరిటీ వారి ‘ట్రిప్’ కార్యక్రమానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. 7 అంకెల రిడ్రెస్ నంబరు ఇస్తారు. టికెట్ బుక్ చేసే ప్రతిసారీ దాన్ని ఆ గడిలో వేయాలి. ఎయిర్‌లైన్ ఖాతాలో ఒకసారి పెట్టి మరచిపోతే ఏజెంటు కొన్న టికెట్‌లోకి అది వెళ్లదు. పేరు కలిసినందువల్ల వచ్చే చిక్కు దీంతో తగ్గుతుంది. అధికారి అక్కడికక్కడ మొహం చూసి ఆపేది తగ్గదు. 2002లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన విదేశీయుల ‘ప్రత్యేక నమోదు’లో 25 దేశాల మగవాళ్లను పిలిచారు, అందులో ఉత్తర కొరియా తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. ఇండియా ఆ జాబితాలో లేదు. హైదరాబాదీ పేర్లను మాత్రం ఆ పాస్‌పోర్టు కాపాడలేదు.

ప్రశ్న: మేం ఒంగోలు ప్రాంతపు క్రైస్తవులం, డల్లాస్‌లో ఉంటున్నాం. పక్కింటివారు ప్రతి ఈస్టరుకూ ‘క్రీస్తు గురించి విన్నారా’ అని కరపత్రం ఇస్తారు. మా బాబు ‘మనదీ వాళ్ల మతమే కదా, మనల్ని వేరేగా ఎందుకు చూస్తారు’ అంటున్నాడు.

జవాబు: మీ పక్కింటివారు మీ చర్మం చూసి మతాన్ని ఊహించేశారు. ఆ ఊహలో గోధుమ రంగు మనిషి క్రైస్తవుడు కాడు. పైన చెప్పిన ‘హిన్’ పిల్ల లాంటి సంగతే ఇది.

బాబుకు ఒంగోలు చరిత్ర చెప్పండి. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒంగోలు దగ్గర 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అంటే ఆ కరపత్రం ఇచ్చేవారి తాతముత్తాతల కాలం నుంచే మీ కుటుంబాలు ఆ విశ్వాసంలో ఉండి ఉండవచ్చు. వచ్చే ఈస్టరుకు ఆ మాట వాళ్లకు బాబే చెప్పవచ్చు, చాలామంది నిజంగానే ఆశ్చర్యపడి వింటారు.

మతం మారినా పుట్టుక గుర్తు వదలకపోవడం మన ఊళ్లకు కొత్త కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు. ఊళ్లో ఆయన కులం మాత్రం ఎవరూ మరవరు. అమెరికాలో కులం స్థానంలో రంగు వచ్చింది. ఉద్యోగంలోనో బడిలోనో ఇబ్బంది వస్తే మీ ఫిర్యాదు జాతి, జాతీయ మూలం గడుల్లోకి వెళ్తుంది. మిమ్మల్ని హిందువనో ముస్లిం అనో అనుకుని చేసి ఉంటే, వాళ్లేమనుకున్నారో ఆ మాటలతోనే రాయాలి.

ప్రశ్న: బ్రిటన్ చట్టంలో సిక్కులు జాతి, ముస్లింలు మతం అంటారట. నిజమేనా? – లా విద్యార్థిని, వరంగల్

జవాబు: నిజమే, దానివల్ల ఇరవై ఏళ్లు ఒక కంత ఉండిపోయింది. తలపాగా తీసి జుట్టు కత్తిరిస్తేనే చేర్చుకుంటామని బర్మింగ్‌హామ్ బడి ఒకటి సిక్కు పిల్లవాడికి చెప్పింది. 1976 జాతి సంబంధాల చట్టంలో మతం లేదు. 1983లో మాండ్లా వర్సెస్ డొవెల్ లీ కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ సిక్కులను జాతిసమూహంగా గుర్తించింది. లార్డ్ ఫ్రేజర్ రెండు తప్పనిసరి లక్షణాలు చెప్పారు: తమదని గుర్తుండే సుదీర్ఘ ఉమ్మడి చరిత్ర, తమదైన సాంస్కృతిక సంప్రదాయం. యూదులూ ఆ లెక్కలోకే వచ్చారు. అనేక దేశాల, భాషల ముస్లింలు రాలేదు.

దాంతో ఈద్ సెలవు నిరాకరించిన కేసులో ఆసియా ముస్లిం కార్మికులు ‘పరోక్ష జాతి వివక్ష’ అని చుట్టూ తిరిగి 1996లో గెలవాల్సి వచ్చింది. ఇస్లాం తీసుకున్న తెల్ల కార్మికుడికి ఆ చుట్టుదారి కూడా లేదు. ఉద్యోగాల్లో మత వివక్ష మీద నిబంధనలు 2003 డిసెంబరులో వచ్చాయి, 2010 సమానత్వ చట్టం అన్నిటినీ ఒకచోట చేర్చింది. విద్వేష ప్రసంగంలో తేడా ఇంకా ఉంది. జాతి విషయంలో బెదిరింపుతో పాటు అవమానకరమైన మాట కూడా నేరం కావచ్చు. మతం విషయంలో 2006 చట్టం ప్రకారం బెదిరింపే అయి ఉండాలి, ద్వేషం రేపాలన్న ఉద్దేశం కూడా రుజువు కావాలి. పరీక్షలో ఈ తేడా అడుగుతారు, రాసిపెట్టుకోండి.

ప్రశ్న: కాన్సస్ ఘటన తర్వాత మా బంధువులు కొందరు ‘మేం ముస్లింలం కాదు’ అని తెలిసేలా ఏదైనా పెట్టుకోమంటున్నారు. అది మంచిదేనా? నిజంగా దాడి జరిగితే ఏం చేయాలి? – విజయవాడ, కూతురు మిస్సోరిలో

జవాబు: పెట్టుకోవద్దనే చెబుతాం. ఆ బోర్డు మిమ్మల్ని తప్పించినా, గురిని పక్కనున్న ముస్లిం మీదికి తిప్పినట్టే. పైగా తప్పించదు కూడా. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీని తన పెట్రోలు బంకు ముందు కాల్చి చంపారు. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగురు పోయారు, గాయపడిన ఏడో వ్యక్తి 2020లో కన్నుమూశారు. మీరన్న కాన్సస్ ఘటనలో, 2017 ఫిబ్రవరి 22న ఒలేతాలో మన హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ‘నా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చినవాడు, ఆ రాత్రి ఇంకో ఊళ్లో తాను ఇరానియన్లను చంపానని చెప్పుకున్నాడు. కాల్చే ముందు మెడలో ఏముందో చదివేవాడు కాడు.

చట్టం ఈ పొరపాటును ముందే ఊహించింది. 2009 కేంద్ర విద్వేష నేరాల చట్టంలో ‘నిజమైన లేదా అనుకున్న’ జాతి, రంగు, మతం, జాతీయ మూలం అని ఉంది. శ్రీనివాస్ కేసులో కేంద్ర అభియోగం అలాగే వేశారు. కాబట్టి పోలీసులతో ‘నేను ముస్లింను కాదు, పొరబడ్డాడు’ అని మొదలుపెట్టవద్దు. వాడు ఏమన్నాడో ముందు చెప్పాలి.

911కు ఫోన్ చేసి అన్న మాటలను ఇంగ్లిషులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, బూతు అయినా సరే. రిపోర్టులో విద్వేష కోణం నమోదు చేయమని అడిగి, రిపోర్టు నంబరు తీసుకోవాలి. గాయాలనూ గోడ మీది రాతలనూ కడగక ముందే ఫొటోలు తీయాలి. చిరిగిన బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో చెమ్మకు పాడవుతాయి. ఎఫ్‌బీఐకి కూడా 1-800-225-5324 నంబరులో చెప్పాలి. సిక్కుల, హిందువుల, అరబ్బుల మీద నేరాలను ఆ సంస్థ విడివిడిగా లెక్కించడం మొదలుపెట్టింది 2015లోనే. మనం చెప్పకపోతే ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.

తీవ్రమైన దాడి బాధితులు, విచారణకు సహకరిస్తే, యూ వీసాకు అర్హులు కావచ్చు. పోలీసులు ‘ఐ-918 సప్లిమెంట్ బి’ అనే ఫారం మీద సంతకం చేయాలి, చేసిన 6 నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఏటా 10,000 పరిమితి వల్ల నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎవరూ ముందుగా ఆలోచించని సంగతి ఇంకొకటుంది. హెచ్‌-1బి భర్త చనిపోతే భార్య హెచ్‌-4 హోదా కూడా పోతుంది. శ్రీనివాస్ భార్యకు అదే జరిగింది, అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె తిరిగి వెళ్లడానికి అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కల్పించుకోవాల్సి వచ్చింది. గ్రీన్ కార్డు కోసం ఐ-140 అప్పటికే దాఖలై ఉండి, మరణ సమయంలో ఆమె అమెరికాలో నివసిస్తూ ఉంటే, సెక్షన్ 204-ఎల్ కింద ఆ దరఖాస్తును కొనసాగించమని అడగవచ్చు. అందుకు రసీదు నంబరు చేతిలో ఉండాలి. మీ అమ్మాయిని ఈ వారమే ఆ కాగితాల కాపీలు తన సొంత ఈమెయిల్‌లో పెట్టుకోమనండి. చాలా ఇళ్లలో అవి భర్త ఆఫీసు ఈమెయిల్‌లోనే ఉంటాయి. మనిషి పోయాక ఆఫీసు ముందుగా మూసేసేది ఆ ఖాతానే.